మొహం మీద చెప్పే మాట: పామిడి నుంచి విడపనకల్లు దాకా ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం బుద్ధుడని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి కారణం ఓబులేశు. మాది డ్రిప్పు పైపులు అమ్మి, బిగించి, చెడిపోతే బాగుచేసే కంపెనీ. నేను అనంతపురం బ్రాంచి మేనేజర్ని. పుట్టి పెరిగింది తెనాలిలో, బదిలీ మీద ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. ఓబులేశు మా కొత్త టెక్నీషియన్. అతని ఆరు నెలల ట్రయల్ ఆ వారంతో ముగుస్తుంది. సోమవారం పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, ఉంచుదామా పంపేద్దామా అని. నేనేమంటే అదే ఖాయం. పంపేద్దామనే నిశ్చయించుకున్నాను. రైతులు ఫోన్ చేస్తే ఎత్తడు. అది చాలదన్నట్టు ఒక చేను గట్టు మీద, నలుగురు రైతుల ముందు, "మేడమ్‌కు తెలీదు లేప్పా, నేను చెప్తా ఇను" అన్నాడు. మా వైపు అలా అన్నవాడి ఇంటికి పెళ్ళికి కూడా వెళ్ళరు.

సరిగ్గా అప్పుడే కంపెనీ మా మేనేజర్లందరికీ ఆన్‌లైన్‌లో ఒక క్లాసు పెట్టింది. ఉద్యోగంలో రోజూ వచ్చే చిక్కులకు బుద్ధుడి బోధనలు ఎలా పనికొస్తాయన్నది విషయం. టార్గెట్ల కోసం మమ్మల్ని పీల్చి పిప్పి చేసే కంపెనీకి హఠాత్తుగా ధర్మం ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. అయినా చెప్పే మాస్టారు మంచివాడు, విసుగు పుట్టించలేదు. తప్పు మాటలు నాలుగు రకాలన్నాడు: అబద్ధం, చాడీ, కరుకు మాట, వట్టి మాట. కరుకు మాట అనగానే నాకు ఓబులేశు మొహం కళ్ళ ముందు మెదిలి, భలే పట్టుకున్నాడే బుద్ధుడు అనుకున్నాను. చివర్లో మాస్టారు ఒక ఇంటిపని ఇచ్చాడు. మీది కాని పనిచోట ఒక పూట కూర్చోండి, అక్కడ మాటలెలా నడుస్తాయో చూడండి, తీర్పు మాత్రం చెప్పకండి అని. తీర్పు చెప్పకుండా ఒక పూట ఉండగలనా అని నాకే కుతూహలం పుట్టింది.

పామిడిని ఎంచుకోవడం తేలికే అయింది. నైటీలు, లంగాలు కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వెళ్ళే ఊరది. అక్కడ బట్టల దుకాణమూ కుట్టు షెడ్డూ ఉన్న రంగనాథ శెట్టిగారు మా కస్టమరు. ఊరి బయట ఆయన చీనీ తోటకి, అంటే బత్తాయి తోటకి, పైపులు వేసింది మేమే. ఫోన్ చేసి సంగతి చెబితే, "కూర్చునేదానికి మా షెడ్డే దొరికినాదా మేడమ్! సరే రాండి" అన్నాడు.

శనివారం ఏడు గంటలకు అనంతపురం బస్టాండులో గుత్తి వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాను. ఈ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, పామిడికి గంటలోపే చేరుస్తాయి. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు కార్డు చూస్తూ, "పామిడికా? నైటీలకామ్మా?" అన్నాడు. కాదు, ఊరికే చూడటానికి అన్నాను. "చూసేదానికి ఏముండాదమ్మా ఆడ?" అని నన్ను పైనుంచి కింది దాకా చూసి ముందుకు వెళ్ళిపోయాడు. దారంతా ఎర్ర నేల. చెనిక్కాయ, అదే వేరుశెనగ, ఎప్పుడో పీకేసిన చేలు ఖాళీగా పడి ఉన్నాయి. ఫిబ్రవరి మొదట్లోనే ఎండ చురుక్కుమంటోంది. మాస్టారు చెప్పినట్టు శ్వాస గమనిద్దామని కళ్ళు మూసుకున్నాను. మూడో శ్వాసకి ఓబులేశు వచ్చాడు. ఐదో శ్వాసకి సోమవారం ఏం చెప్పాలో వాక్యాలు అల్లుకుంటున్నాను. ఇంతలో పామిడి వచ్చేసింది.

దిగగానే రోడ్డు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి కలిపే ఈ ఉగ్గాని కోసం మా తెనాలి ఇడ్లీని వదిలేసుకోవచ్చు. నలభై రూపాయల్లో కడుపు నిండింది. ఊరి అంచున పెన్న గట్టు దాకా నడిచి చూశాను. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఇసుకే, మధ్యలో తుమ్మ మొక్కలు, మేకలు. ఇక్కడ నదిని చూడటానికి వెళ్ళేవాళ్ళు వానాకాలం తర్వాత వెళ్ళాలట, అదీ వానలు పడిన ఏడాదైతేనే. అక్కణ్ణుంచి సందులో నడుస్తుంటే ప్రతి ఇంట్లోనూ మిషన్ చప్పుడు వినబడింది.

శెట్టిగారి షెడ్డు దుకాణం వెనకే ఉంది. రేకుల కప్పు కింద రెండు వరసల కరెంటు మిషన్లు, అన్నిటి ముందూ ఆడవాళ్ళు. నైటీ ఒక్కరే కుట్టరు. ఒకరు భుజాలు కలిపి పక్కకు ఇస్తే ఇంకొకరు మెడ అంచు చుట్టూ పట్టీ, అంటే పైపింగు వేస్తారు, తర్వాతి వాళ్ళు చేతులు, ఆ తర్వాత పక్క కుట్లు. పక్క కుట్ల మిషన్ దగ్గర ఉన్న లక్ష్మీదేవమ్మ అందరికన్నా పెద్దది, యాభై దాటిన మనిషి. మెడ పైపింగు వేసే మేరీకి పాతికేళ్ళుంటాయి. నన్ను వాళ్ళిద్దరికీ కనబడేలా ఒక స్టూలు మీద కూర్చోబెట్టి శెట్టిగారు వెళ్ళిపోయాడు.

"ఏం పనక్కా నీకు ఈడ?" అని లక్ష్మీదేవమ్మ మిషన్ ఆపకుండానే అడిగింది.

"పనేం లేదు. మీరెలా మాట్లాడుకుంటారో చూద్దామని."

"మాట్లాడేది చూసేదానికి బస్సెక్కి వచ్చినావా!" అంది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ చెవులు వేడెక్కాయి.

కాసేపటికే వేడుక మొదలైంది. లక్ష్మీదేవమ్మ చేతిలోకి వచ్చిన నైటీని రెండు చేతులా లాగి చూసి, గిరాటేసినట్టు మేరీ ఒళ్ళోకి విసిరింది. "మెడ ముడతలు పడిండాది. కండ్లు యాడ పెట్టినావు మేరీ?" అంది, వీధికి వినబడేలా. మేరీ కూడా తగ్గలేదు. "దారం తెగుతాండాది, నన్నేం చేయమంటావు?" అని గొణుగుతూనే కుట్టు విప్పడం మొదలుపెట్టింది. అంతలో చేతులు కుట్టే ఆమె లక్ష్మీదేవమ్మ మీదికే లేచింది, కుప్పలోంచి రెండు నైటీలు పైకెత్తి చూపిస్తూ, వాటి పక్క కుట్టు వంకరపోయిందని. "అవునా? యాడ, ఇట్లియ్యి" అని లక్ష్మీదేవమ్మ ఆ రెండూ లాక్కుని విప్పేసుకుంది. నేను మనసులో కరుకు మాటలు లెక్కపెట్టడం మానేశాను, వేళ్ళు చాలలేదు. బుద్ధుడు ఈ షెడ్డులోకి వస్తే ముందు చెవుల్లో దూది పెట్టుకుంటాడని అనుకున్నాను.

పదకొండు గంటలప్పుడు శెట్టిగారు మళ్ళీ వచ్చాడు. వరస చివర నిలబడి, "ఏమన్నా చెడినాయా ఈ పొద్దు?" అని అడిగాడు. అంతసేపు ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్న ఆ ఆడవాళ్ళు తల ఎత్తకుండా కుట్టుకుంటూ పోయారు. "యేం ల్యా శెట్టీ, అన్నీ బాగుండాయి" అంది లక్ష్మీదేవమ్మ, కన్నార్పకుండా. ఆ మాట చెప్పేటప్పటికి అన్నీ బాగానే ఉన్నాయి నిజమే, కానీ ఆయన అడిగింది అది కాదు కదా. అబద్ధం కూడా ఆడుతున్నారని నాకు చిత్రంగా అనిపించింది.

మధ్యాహ్నం కింద చాప పరచుకుని అందరూ డబ్బాలు తెరిచారు. జొన్న రొట్టె, ఊరిబిండి అనే వేరుశెనగ పచ్చడి, వంకాయ. మేరీ డబ్బాలోంచి లక్ష్మీదేవమ్మ అడక్కుండానే కూర తీసుకుంది. పొద్దున అంత రభస జరిగిన మనుషులేనా అని చూస్తున్నాను. నాకూ ఒక రొట్టె పెట్టారు. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఆమెను అన్ని మాటలన్నావు కదా లక్ష్మీదేవమ్మా, మరి శెట్టిగారు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

ఆమె నావైపు, తెలివి తక్కువ పిల్లను చూసినట్టు చూసింది. "మొగం మీద అంటే దిద్దుకుంటాది. శెట్టికి చెప్తే ఏమొస్తాదక్కా? దాని పని పోతాది, మెడ మాత్రం బాగుపడదు."

"చెప్పినా దిద్దుకోకపోతే?"

"చెప్పి చెప్పి ఇనకపోతే అప్పుడు శెట్టికి చెప్తాం. ఆ మనిషిని పక్కన నిలబెట్టుకోనే చెప్తాం. మొగం మీద అననోళ్ళకు శెట్టి దగ్గరికి పోయే హక్కు ల్యా. అది ఈడ కట్టు."

కట్టంటే కట్టుబాటు. ఎవరు పెట్టారో వాళ్ళకూ తెలియదు. ఇది విని నేను చప్పట్లు కొడతానేమో అన్నట్టు ఆమె చూస్తుంటే మేరీ రొట్టె కింద పెట్టేసింది. "నాకైతే ఈ కట్టు నచ్చల్యా" అంది. "అందరి ముందర అంటే నాకు ఏడుపొస్తాది. వచ్చిన కొత్తల్లో రోజూ ఇంటికి పోయి ఏడ్చినా. పక్కకు పిల్సి చెప్పకూడదా?"

"పక్కకు పిలిస్తే, ఏం చాడీలు చెప్పుకుంటాండారో అనుకుంటారు మిగతావాళ్ళు" అంది లక్ష్మీదేవమ్మ.

"అనుకుంటే అనుకోనీ. నాకు ఏడుపు రాదు కదా!"

వాళ్ళ వాదం తేలలేదు, ఇప్పటికీ తేలి ఉండదు. కానీ చాడీ అన్న మాట దగ్గరే నా చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది. సోమవారం నేను చెప్పబోయేదేమిటి? మొదట నాతో నేనే దెబ్బలాడాను. మేనేజరు హెడ్డాఫీసుకు చెప్పేది చాడీ ఎలా అవుతుంది, అది నా ఉద్యోగం కదా? నేను చెప్పబోయేదంతా నిజమే కదా? నిజమే. కానీ ఓబులేశుతో ఆరు నెలల్లో ఒక్కసారైనా ఫోనెందుకెత్తవని అడిగానా అంటే, లేదు. ప్రతిసారీ నవ్వి "పర్లేదులే ఓబులేశూ" అన్నాను. మా వైపు అది మర్యాద. ఎదుట పర్లేదని, వెనకాల పంపించేయమని చెప్పడానికి మాస్టారి నాలుగు రకాల్లో పేరు లేకపోలేదు. దాన్ని నేనింతదాకా ఇతరుల తప్పనే అనుకున్నాను.

బయల్దేరే ముందు శెట్టిగారి దుకాణంలో కాఫీ తాగాను. ఓబులేశు గురించి మీరేమంటారని అడిగేశాను. "వాడా! నీ బోర్లో నీళ్ళు ల్యావు శెట్టీ, నాలుగెకరాలకు వద్దు, రెండెకరాలకే పైపులు వేసుకో అని మొగానే అనేసినాడు. నాకు మండిపోయింది. ఈ సంక్రాంతికే బోరు సగమాయె, ఆ రెండెకరాలే బతికినాయి" అన్నాడు. నేను సంతోషించబోతుండగా, "కానీ ఫోనెత్తడు మేడమ్. ఫిల్టరు పోయి పది రోజులాయె. వాన్ని ఏమన్నా చేయండి" అని కలిపాడు. ఏమన్నా చేయడానికి నాకు ఒకటిన్నర రోజు మిగిలింది.

అసలు మధ్యాహ్నం కణేకల్ వైపు వెళ్ళి, కాలువ నీళ్ళ కింద వరి పచ్చదనం చూసి రావాలనుకున్నాను. ఇన్ని ఎండు చేల మధ్య అది చూడదగ్గదని అందరూ అంటారు. దాన్ని వదిలేశాను. ఓబులేశుది విడపనకల్లు పక్క పల్లె, సెలవు రోజు అక్కడే ఉంటాడు. పామిడి నుంచి గుత్తికి ఒక బస్సు, గుత్తిలో మారి గుంతకల్లు, అక్కడ బళ్ళారి వైపు వెళ్ళే బస్సు ఎక్కితే విడపనకల్లు. బస్సులు వెంటనే దొరికితే రెండున్నర గంటలు, దొరక్కపోతే మీ అదృష్టం. గుత్తిలో కోట కొండను చూస్తూ ఓబులేశుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. ఎత్తలేదు. నా ధర్మమంతా ఆ బస్టాండులోనే ఆవిరైపోయింది. తిరిగి అనంతపురం బస్సెక్కేద్దామని లేచి నిలబడ్డాను కూడా. ఎత్తకపోతే అదీ మొహం మీద చెప్పాల్సిన వాటిలో ఒకటే కదా అనిపించి కూర్చున్నాను. గుంతకల్లు చేరేసరికి అతనే చేశాడు. "ఏం మేడమ్, శనివారం చేసినారు?" మీ ఊరికి వస్తున్నానని చెప్పాను. "రాండి. కల్లంలో ఉంటా" అన్నాడు.

గుంతకల్లు దాటాక నేల ఎర్రదనం పోయి నల్లబడుతుంది. శనగ చేలు, దూరంగా గాలిమరలు, రోడ్డు పక్కన కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. బస్సు కిటికీ మూసుకున్నా ఘాటు తగిలి తుమ్ములొస్తాయి. విడపనకల్లులో దిగి ఆటో ఎక్కితే, డ్రైవరు "ఓబులేశు కల్లానికా? అప్పు వసూలుకు వచ్చినావామ్మా?" అని నిర్మొహమాటంగా అడిగాడు. కాదంటే, "అయితే మంచిదే" అని బండి తిప్పాడు.

ఓబులేశు, వాళ్ళమ్మ కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తెల్లబారిపోయి ధర పలకని కాయలు అవి. నన్ను చూసి లేచాడు. వాళ్ళమ్మ నీళ్ళిచ్చి, మా మొహాలు చూసి, కల్లం అవతలికి వెళ్ళిపోయింది. ఎదుటివాడి మొహం మీద తప్పు చెప్పడం నాకు అలవాటు లేని పని. మాస్టారి మెత్తని మాటలు సాయానికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఫోనెత్తవు ఓబులేశూ. రైతులు నాకు చేస్తున్నారు. మొన్న వాళ్ళందరి ముందు నాకు తెలీదన్నావు. నాకు తలకొట్టేసినట్టయింది. సోమవారం నిన్ను తీసేయమని చెబుదామనుకున్నాను."

అతని మొహం మాడిపోయింది. "ఆరు నెలల నుంచి కడుపులో పెట్టుకున్నారా? రోజూ పర్లేదులే అంటిరి కదా మేడమ్? నేను నిజంగానే పర్లేదు అనుకున్నా." కిందికి చూస్తూ అన్నాడు, "ఈ పని పోతే నేను మల్ల బెంగళూరుకు కూలికి పోవల్ల. మూడేండ్లు పోయి వచ్చినా. ఆడ బతకల్యాకనే వచ్చినా."

"మరి ఫోనెందుకెత్తవు?"

"ఎత్తి ఏం చెప్పల్ల? ఫిల్టరు వచ్చిందా అంటారు. మన ఆఫీసులో ల్యా. రేపొస్తాది అని అబద్ధం చెప్పేది నాకు చేత కాదు, ఎల్లుండి కూడా రాదని తెలుసు. అందుకే ఎత్తల్యా."

ఫిల్టర్లు తెప్పించాల్సింది నేను. హెడ్డాఫీసు తర్వాత చూద్దామంటే సరేనని ఊరుకున్నదీ నేనే. అయినా తగ్గలేదు. "అబద్ధం చెప్పలేకపోతే లేదని చెప్పు. గమ్మునుంటే రైతు ఏమనుకోవాలి? శెట్టిగారి తోట ఎండుతోంది" అన్నాను. ఆలోచించి, "అది తప్పే" అన్నాడు. రైతుల ముందు అన్న మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ఆ రోజు నేను చెప్పిన ఎకరాల లెక్కకు ఆ రైతు బోరులో నీళ్ళు చాలవట. పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా అంటే, "పక్కకు పిలిస్తే ఇద్దరూ కలిసి టోపీ పెడుతాండారు అనుకుంటాడు మేడమ్ రైతు" అన్నాడు. పామిడిలో తేలని వాదమే ఇక్కడా తేలలేదు. నాకు కోపమూ పూర్తిగా పోలేదు.

లేచేటప్పుడు అతనే అడిగాడు, "సోమవారం ఏం చెప్తారు మల్ల?"

"ఇంకా తెలీదు. కానీ నువ్వు పక్కనుండగా చెబుతాను. మంచైనా చెడైనా నీ చెవులతోనే విను."

సాయంత్రం ఉరవకొండ మీదుగా అనంతపురం చేరాను. సోమవారం పొద్దున నా గదిలో ఫోను స్పీకర్లో పెట్టి, ఓబులేశును ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఫోనెత్తడని చెప్పాను, కరుకుగా మాట్లాడతాడని చెప్పాను, బోరు చూసి నీళ్ళెంతో చెప్పడంలో అతని మాట ఇంతదాకా తప్పలేదనీ, ఉంచమనీ చెప్పాను. వెనకాల చెప్పడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. అవతల పెద్దసారు, "ఏమయ్యా, నువ్వేమైనా చెప్పేదుందా?" అన్నాడు. ఓబులేశు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మేడమ్ చెప్పినవన్నీ నిజమే సార్. ఫిల్టర్లు ల్యాక నేను ఫోనెత్తల్యా, ఆ ఫిల్టర్లు మేడమ్ తెప్పించల్యా. అదొక్కటి మేడమ్ చెప్పేది మర్చిపోయినారు." నేను ఎదురుగానే ఉన్నాను, నా మొహం మీదే అన్నాడు. పెద్దసారు ఇద్దరికీ కలిపి అక్షింతలు వేసి, మూడు నెలలు చూద్దామన్నాడు. ఫిల్టర్లు ఆ వారమే వచ్చాయి. మొదటిది శెట్టిగారి తోటకు వెళ్ళింది.

ధర్మాన్ని పనిచోటకి తెచ్చుకోవడమంటే ఎవరినీ నొప్పించకుండా నవ్వుతూ ఉండటమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ నవ్వు ఓబులేశును ఇంకొంచెంలో బెంగళూరు బస్సెక్కించేది. లక్ష్మీదేవమ్మ పద్ధతే సరైనదని అనను, మేరీ ఏడుపు కూడా నిజమే. మాస్టారు ఇంటిపని ఎలా జరిగిందని అడిగితే, తీర్పు చెప్పకుండా ఉండలేకపోయాను గానీ ఎవరికి చెప్పాలో తెలిసిందని చెప్పాను. ఇప్పుడు ఓబులేశు ఫోన్ ఎత్తుతున్నాడు. నాతో మాత్రం మునుపటికన్నా కరుకుగానే మాట్లాడుతున్నాడు, నేనూ బదులు చెప్పడం నేర్చుకుంటున్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పామిడికి పనిరోజున, పొద్దున్నే వెళ్ళండి. దుకాణంలో తీసి చూపించిన నైటీ నచ్చకపోతే "మళ్ళీ వస్తాంలెండి" అని మర్యాదగా తప్పించుకోకండి. మెడ బాగాలేదని అక్కడే చెప్పండి. వాళ్ళేమీ నొచ్చుకోరు, ఇంకోటి తీసి చూపిస్తారు.